ఏడో నంబరు

చాంద్రాయణగుట్ట చౌరస్తాలో
సిగ్నల్ చచ్చిపోయిన సాయంత్రం
నాకు ఆ సూత్రం దొరికింది.

పోలీసు లేడు, దీపం లేదు.
అయినా ఆటోలు, బుల్లెట్లు, బర్రెలా ఊగే సిటీ బస్సు,
మేకల్ని ఎక్కించుకున్న ట్రాలీ
ఒకదాన్నొకటి రాసుకోకుండా పారాయి.
చౌరస్తా మొత్తం ఎవరికీ తెలీదు.
ఎవరి పక్కవాణ్ణి వాళ్ళు చూసుకున్నారు, అంతే.

ఇంటికెళ్ళి, కుక్కర్ మూడో కూతకి ముందే
నాలుగు పంక్తులు రాశాను:
పక్కదానికి తగలకు.
పక్కది తిరిగిన వైపు తిరుగు.
గుంపుకి దూరం పోకు.
పక్కది పలకడం మానేస్తే, అది లేదనుకో.

ఆ నాలుగు పంక్తుల్నీ మింగి పద్దెనిమిది డ్రోన్లు
యాచారం అవతల గుట్టల మీద
అర్ధరాత్రి లేచాయి.
వాటికి నాయకుడు లేడు. మా గొప్పంతా అదే.
నాయకుడు పడితే సేన చెదురుతుంది,
లేని నాయకుణ్ణి ఎవడు పడగొడతాడు?
ఢిల్లీ నుంచి వచ్చినవాళ్ళతో ఈ మాట అంటున్నప్పుడు
మా డైరెక్టరు గొంతు కొంచెం వణికింది, గర్వంతోనే.

సెకనుకు పదిసార్లు
ప్రతిదీ మిగతావాటితో ఒకటే మాట:
నేనున్నా. నేనున్నా. నేనున్నా.
తెర మీద పద్దెనిమిది పచ్చ చుక్కలు.
కింద, కొట్టాల్సిన ట్రక్కు,
సున్నంతో నేల మీద గీసింది.
డ్రైవరు సీటు దగ్గర ఎవరో కుర్రాడు
సరదాకి ఒక తలకాయ కూడా గీశాడు.
చెరపమని ఎవరూ అనలేదు.

పన్నెండు నలభైకి ఏడో నంబరు పలకలేదు.
మిగతా పదిహేడూ
ఒకటి ముప్పావు సెకనులో ఆ ఖాళీని పూడ్చేశాయి,
బంతిలోంచి ఒకరు లేస్తే
విస్తళ్ళు దగ్గరికి జరిపినట్టు.
చప్పట్లు.
నేనూ కొట్టాను.

ఎల్లేశం మాత్రం టార్చి పట్టుకొని జొన్నచేలోకి దిగాడు.
పడినవాటిని ఏరుకొచ్చే కొలువు అతనిది.
ఎందుకో నేనూ వెంట నడిచాను.

"మేడం, ఇగ కొట్టుమని దీనికి ఎవలు చెప్తరు?"
ఎవరూ చెప్పరు ఎల్లేశం, అన్నీ కలిసి అనుకుంటాయి.
"అన్నీ అంటే, ఏది?"
జొన్నాకు చెంప మీద గీసింది.
ఆ మంటని తడుముకుంటూ
జవాబు అవసరం లేనట్టు నడిచాను.

దొరికింది. వెల్లకిలా, ఒక రెక్క విరిగి,
దుమ్ములో దీపం మిణుకుమంటూ.
నా చేతిలోని రిసీవరులో సన్నగా
నేనున్నా. నేనున్నా. నేనున్నా.
దాని పేరు జాబితాలోంచి కొట్టేసి అప్పటికి పావుగంట.
ఆ కొట్టివేత నా నాలుగో పంక్తి.

"పానం ఉన్నది గదా మేడం దీన్ల"
అని తువ్వాల పరిచి చుట్టాడు ఎల్లేశం,
మంద వెళ్ళిపోయాక దారిలో ఈనిన పిల్లని
ఎత్తుకున్నట్టు.
ఆపే బటను ఐదు సెకన్లు నొక్కి పట్టుకోవాలి.
అతను నావైపు చూశాడు.
నొక్కాను. ఐదు సెకన్లు చాలా పొడుగు.

పొద్దున ఆదిభట్ల ఆఫీసులో రిపోర్టు.
నష్టం: ఒకటి. ఫలితం: విజయం.
ఎగరడం నాది, చూపు సబీహాది,
ఎవరికి ఏ లక్ష్యమో పంచేది ప్రద్యుమ్నది.
పేలేది ఎవరిదో మాకు తెలీదు,
అది ఇంకో బిల్డింగు.
ఒకరికొకరం తగల్లేదు.
పక్కవాళ్ళు తిరిగిన వైపే తిరిగాం.

కాగితం నా దగ్గరికి వచ్చేసరికి
పైన ఆరు సంతకాలున్నాయి.
కిటికీ అవతల ఎల్లేశం తువ్వాల ఆరేస్తున్నాడు,
నూనె మరక పోలేదు.

నేను పలకకపోతే
ఈ ఖాళీ పూడటానికి ఎంతసేపో
నాకంటే బాగా ఎవరికీ తెలీదు,
ఆ లెక్క వేసింది నేనే.

పెన్ను మూత
ఇంకా పళ్ళ మధ్యే ఉంది.