తాగరాదు

సిత్రా దీవిల, మురికినీళ్ల ప్లాంటు కాడ
రాత్రి డ్యూటీ నాది.
ఇంటికి ఫోన్ చేస్తే నీళ్ల కంపెనీ అంట.
అబద్ధం కాదు,
సగం మాట మింగిన, అంతే.

మెట్‌పల్లి అవుతల మా చెలకల
ఆరు బోర్లు ఏసిన.
ఆఖరుదాంట్ల నాలుగు వందల ఫీట్లకు
తెల్లటి దుబ్బ లేసింది.
బోరుబండి డ్రైవర్ నా ముఖం చూడకుండ
పైపులు విప్పుకున్నడు.
ఆ అప్పే నన్ను ఈడికి తోలింది.

ఈడనేమో
పిలవకుండనే వస్తయి నీళ్లు.
దీవి మొత్తం కడుక్కున్న చేతులు,
పెద్ద బంగ్లాల స్నానాలు,
మా క్యాంపుల ఎనభై మంది ఉతికిన బనీన్లు.
పైపుల కలిసినంక ఏది ఎవరిదో
ఎవ్వలూ చెప్పలేరు.

మొదటి నెల అన్నం సయించలే.
రెండో నెలకు ముక్కు ఊకుంది.

పెద్ద తొట్టి. గోధుమరంగు నురుగు.
అండ్ల కంటికి కానరాని జీవాలుంటయి,
మురికి తిని బతుకుతయి.
వాటికి గాలి పెట్టుడే నా పని.
ప్రజీష్ సారు వాటికేదో పేరు చెప్పిండు,
నేనైతే పసులనే అంట.

పోయిన ఆగస్టుల ఓ రాత్రి కరెంటు పోయింది.
బ్లోయర్లు బందైనయి.
రెండేండ్లు ఆ చప్పుడుల బతికిన్నని
అప్పుడెర్కైంది.
బుడగలు ఒక్కొక్కటే పగిలి
నురుగు కుంగవట్టింది.
"రెండు మూడు గంటలు. అంతకన్న ఆగవు" అన్నడు సారు.
కరెంటు లేదని దీవిల ఎవ్వలూ
ఒంటికి పోకుండ ఉండరు గద.
నీళ్లు వస్తనే ఉన్నయి.
జనరేటరు దగ్గింది, పండింది.
ట్యాంకర్ డ్రైవర్ గుల్బాజ్
తన బండి బ్యాటరీ పీకి భుజం మీద తెచ్చిండు.
మూడోసారికి లేసింది.
మొదటి బుడగ పైకొచ్చినప్పుడు
గుల్బాజ్ అల్లా అన్నడు.
నేను ఎవరి పేరు తీసిన్నో యాదికి లేదు.

గోడ అవుతల హాజీ మీర్జా ఖర్జూర తోట.
వాళ్ల తాత ముత్యాలకు మునిగెటోడంట.
ఉప్పు సముద్రం అడుగున తీపి ఊటలుండేటియంట,
తోలుసంచి పట్టుకోని మునిగి
తాగే నీళ్లు పైకి తెచ్చెటోళ్లంట.
ఆరు బోర్లు ఏసినోన్ని, నేనెట్ల నమ్ముత?
ఇప్పుడా ఊటల్లేవు.
ఆయన బాయిల ఉప్పొచ్చింది.
మా నీళ్లు తీసుకోమంటే
తలగుడ్డ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకోని
చెయ్యి ఊపెటోడు.

చెట్లు పద్దెనిమిది చచ్చినంక
వంకాయరంగు పైపు ఆ తోటలకు పోయింది.
దాని మీద బోర్డు: తాగరాదు.
అరబ్బీల, ఇంగ్లీషుల, ఉర్దూల, మలయాళంల.
తెలుగుల లేదు.
మాకు చెప్పే పని లేదనుకున్నరో,
మేమున్నమనే తెల్వదో.
ఓనాడు బొగ్గుతోటి నేనే కింద రాసిన.
వానరాదు గద ఈడ, ఇంకా ఉంది.

నిన్న గేటు కాడికొచ్చిండు హాజీ మీర్జా.
పళ్లెం నిండ పండ్లు, మీద తడిగుడ్డ.
ముందు తనొకటి తిన్నడు, మేం చూస్తుండంగనే.
గుల్బాజ్ నా దిక్కు చూసిండు.
నేను తొట్టి దిక్కు చూసిన.
తర్వాత తిన్న.

గింజ ఉమ్మబుద్ధి కాలే.
ఫోన్ చేసినప్పుడు గూడ బుగ్గలనే ఉంది.
"నోట్లె ఏందది?" అన్నది లసుంబాయి.
ఈసారి మొదటి నుంచి చెప్పిన,
వాసన తోటి సహా.

చానాసేపు చప్పుడు లేదు.
లైను కట్టైందనుకున్న.
"అసొంటి పైపు" అన్నది,
"మన చెలక దాక ఎయ్యరాదా?"