చల్లగది

బయట నైవాషా ఎండ మండుతుంటే
నేను కోటు తొడుక్కుని లోపలికి పోతాను.
లోపల నాలుగు డిగ్రీలు.
గులాబీలకి చలి కావాలి, తెరుచుకోకుండా ఉండటానికి.

పది కాడలకో కట్ట, కట్టకో రబ్బరు.
ఇక్కడే విచ్చుకుందా, చెత్తబుట్టే.
విచ్చుకోవడం అంతా ఆమ్‌స్టర్‌డామ్‌లో.
ఫిబ్రవరికి ముందు రెండేసి షిఫ్టులు:
ఎవరో ఎవరికో ఏదో చెప్పాలట,
మాట వాడిపోకముందే అందాలట.

పన్నెండేళ్ళుగా విమానం ఎక్కిస్తున్నాను.
పంపినవాటిలో ఒక్కటీ తిరిగి రాలేదు.

"ఒక్కో పువ్వుకీ ఎంత కిరసనాయిలు కాలుతుంది?"
మేస్త్రీ ఒడెరోని అడిగాను.
"ముల్లుక్కూడా టిక్కెట్టే, నఫూలా" అని నవ్వాడు గానీ
లెక్క చెప్పలేదు.

బుంగోమాలో మా చెల్లెలు ఈ ఏడు
మొక్కజొన్న రెండుసార్లు విత్తింది.
వాన మొదటిసారి రాలేదు,
రెండోసారి వచ్చి పోలేదు.

ఇక్కడేమో సరస్సే నడిచి వచ్చింది
మా కిహోటో వాడలోకి, చెప్పులైనా విప్పకుండా.
ఇన్నాళ్ళూ కాడల్లో నింపి దాన్ని సముద్రాలు దాటించానే,
అడగడానికి వచ్చిందనుకున్నాను.

మంచం కాళ్ళ కింద ఇటుకలు.
ఇటుకల కింద ఇంకో ఇటుక.
అర్ధరాత్రి నెత్తిమీద మోత పోతుంటే
పిల్లాడు "మనదేనా?" అంటాడు.
"మనదే, పడుకో."

బుట్టలోంచి ఏరుకొచ్చిన పువ్వొకటి
చీకట్లో, గదిలోని నీళ్ళమీద తేలుతూ
గుమ్మం దాకా వెళ్ళింది.
టిక్కెట్టు లేక కాబోలు,
నేను మంచం దిగి నిలబడితే
వెనక్కొచ్చి కాలికి తగిలింది.