సిమెంటు ఊడదీసే పని

పొద్దున ఎనిమిదింటికి
గుంబదు మెడకు కట్టిన పరంజా ఎక్కుత.
దూరంగ టోలిచౌకి ఫ్లైఓవర్ మీద బస్సులు,
నెత్తి మీద పావురాలు,
నడుమ నేను, ఒక సన్న ఉలి, చిన్న సుత్తె.

కట్టుడు కాదు నా పని.
ఎనభై మూడుల ఎవరో కాంట్రాక్టరు
బిల్లు పాసు కావాలని వానలకు ముందే
గోడ నిండ మెత్తించిన సిమెంటును
పుండు మీది పక్కు తీసినట్టు తీసుడు.

ఆ ఎవరో కాంట్రాక్టరు కింద
రోజుకు పదకొండు రూపాయలకు తాపీ పట్టినోడు
మా నాయిన, మేడిపల్లి సాయిలు.
"బాద్‌షా గోరీకి నా చేతులతోని అంగీ తొడిగిన బిడ్డా,
వెయ్యేండ్లు చెక్కు చెదరది" అనేటోడు.
చెదరలేదు, నిజమే.
లోపల రాయి చెదిరింది.

ఉస్తాద్ గౌసుద్దీన్ అంటడు:
సున్నం పీలుస్తది, ఇడుస్తది,
మనిషి లెక్క చెమట పడ్తది, ఆర్తది.
సిమెంటుకు ముక్కు లేదు.
నలభై వానలు గోడ లోపల్నే నిలబడ్డయి
తొవ్వ దొరకక,
ఆఖరికి ఉప్పై పూసినయి.

నెల సంది తొట్టిల నానుతున్నది సున్నం.
బెల్లం నీళ్ళు, మారేడు గుజ్జు, మినుముల జిగురు.
గానుగ రాయి తిరుగుతుంటే
పెండ్లింటి వంట వాసన.
మా నాయినకు ఈ వంట ఎవ్వరూ నేర్పలే.
బస్తా మీద రాసింది సుత చదవరాదు ఆయనకు.

మొన్న మంగళారం, ఉత్తరం కమాను కింద
ఒక పెచ్చు మీద కనబడ్డది
బొటనవేలి ముద్ర.
పని ఒడిసిన కాడ ఎడమ వేలు ఒత్తుడు ఆయన అలవాటు.
మా పొయ్యిగడ్డ మీద, పక్కింటి నీళ్ళ హౌజు మీద
గదే ముద్ర, అడ్డంగ కోసుకున్న గాటుతోని సహా.

ఉస్తాద్ చూసిండు.
చాయ్ తాగొస్త అని దిగిండు.
చాయ్ పొద్దు కాదది.

నా వేలు పెట్టి చూసిన. చిన్నగున్నది నాది.
తర్వాత ఉలి పెట్టిన.

ఒక్క దెబ్బకు ఊడలే. మొండి పని, మా నాయినది.
ఊడుతూ ఊడుతూ రాయిని సుత పట్టుకొచ్చింది,
బియ్యపు గింజంత.
నాలుగు వందల ఏండ్ల రాయి
నా చేతులల్ల గింజంత తక్కువైంది.

కింద బడి పిల్లల లైను.
పల్లీపట్టీ కొరుకుతున్న పిల్ల ఒకతి తల పైకెత్తి
"అక్కా, ఎందుకు పలగ్గొడుతున్నవ్?"
మా నాయిన తప్పు అని చెప్పబుద్ధి కాలే.
నీ కోసం అని సుత అనలే,
ఆ మాట గేటు కాడ బోర్డు మీద ఉన్నది, మూడు భాషలల్ల.
"దుమ్ము పడ్తది, జరుగు" అన్న.

పొద్దుగూకంగ ఆ జాగల సున్నం మెత్తిన.
నాదీ తప్పే కావచ్చు.
ఎన్నేండ్లకో ఇంకో ఆడపిల్ల పరంజా ఎక్కి
గిదేం పని అని తిట్టుకోవచ్చు నన్ను.
తిట్టుకోనీ.
నాది మెత్తగ ఊడొస్తది,
రాయిని ఎంట తీస్కపోదు.

ముద్ర ఉన్న పెచ్చును టిఫిన్ మూతల పెట్టుకొని
గేటు కాడ సంచి చూపిచ్చిన.
ఏంది అన్నడు వాచ్‌మన్.
మల్బా, అన్న.
పొమ్మన్నడు.