తొమ్మిది మందీ, ఒక ఖాళీ గడీ

కూర్మారావు మేష్టారు నౌపడ రైలు దిగి వచ్చి
నల్లబల్ల మీద ఒక్క ముక్క రాసి కూర్చున్నారు:
"సంతకి పోండి. అంకెలు అక్కడ దొరుకుతాయి."

బీకాం మొదటి ఏడాది.
నా చేతిలో నాన్న అరువుల పద్దులో మిగిలిన కాగితాలు,
నిలువుగా నాలుగు గీతలు:
పేరు, సరుకు, కొలత, ఈ పూట ఎంత మిగిలింది.

గుణుపురంలో అడగడమంటే మూడు రకాలుగా అడగడం.
చింతపండు పారమ్మకి తెలుగు,
బెల్లం సాహు గారికి ఒడియా,
తేనె సీసాల సవర తాతకి నా చేతివేళ్లు.

మొదటి చిక్కు కొలత దగ్గరే.
ఒకరు కిలో అన్నారు, ఒకరు అడ్డ, ఒకరు మానిక.
అల్లం ముసలమ్మ "కుప్ప" అంది.
కుప్ప అంటే ఎంత అంటే
రెండు చేతులూ దోసిలి పట్టి చూపించింది.
ఆ దోసిలిని ఏ అంకెగా రాయను?
పసుపుకొమ్ముల అసిరయ్యని సరుకెలాగుందంటే
"మేలు, ఓ మోస్తరు, నాసి" అని మూడు గోనెలు తట్టాడు.
వరస ఉంది.
మేలుకీ నాసికీ మధ్య ఎంత దూరమో
ఏ తక్కెడా చెప్పదు.

తొమ్మిది మంది.
నూట పది, నూట నలభై, నూట ఎనభై,
రెండొందలు, మళ్లీ రెండొందలు,
రెండొందల ముప్పై, రెండొందల అరవై, మూడొందలు.
తొమ్మిదో ఆయన టోకు వర్తకుడు త్రినాథ సుబుద్ధి:
ఏడు వేల ఎనిమిదొందల ముప్పై.

అన్నీ కూడి, తొమ్మిదితో భాగించి
క్లాసులో నిలబడి గొంతు సవరించుకుని చదివాను:
"సంతలో మనిషికి సగటున వెయ్యిన్నీ యాభై."

మేష్టారు నవ్వలేదు.
"ఆ వెయ్యిన్నీ యాభై ఇంటికి పట్టుకెళ్లినవాడి పేరు చెప్పమ్మా."

పైనుంచి కిందికి వెతికాను. అలాంటివాడు లేడు.
నా భాగహారం సుబుద్ధి గారి గల్లాపెట్టెలోంచి తీసి
ఎనిమిది మందికీ పంచిపెట్టింది,
కాగితం మీద.
మర్నాడు పారమ్మకి చెబితే
"ఏటీ, నాకు వెయ్యా! ఏదీ, ఇచ్చీ మరి!"
అని కొంగు చాపింది.

"చిన్నదాన్నుంచి పెద్దదాని దాకా వరసలో నిలబెట్టు,
నడిమి మనిషిని చూడు" అన్నారు మేష్టారు.
ఐదో మనిషి అసిరయ్య. రెండొందలు.
సుబుద్ధి గారు ఏడు వేలు తెచ్చినా
డెబ్భై వేలు తెచ్చినా
అసిరయ్య తన చోటు నుంచి కదలడు.
రెండుసార్లు వినబడ్డ అంకె కూడా ఆ రెండొందలే.
సగటు, మధ్యగతం, బాహుళకం.
ఆ పేర్లు పరీక్షకి పనికొస్తాయి.
నాకు మిగిలింది చాపిన కొంగు.

పద్దు మూస్తూంటే కొండచీపుళ్ల సొంబారి అడిగింది:
"మా చెల్లిని రాసినావా?"
ఎక్కడుంది?
"ఇక్కడేల ఉంటాది? కోడి కూసే ఏళకే
కొండ దిగే మలుపుకాడ కమీషనోళ్లు ఆపేత్తారు.
గంప ఆళ్లకిచ్చీసి ఎనక్కెలిపోద్ది.
అది సంత చూసి ఏడాదైపోనాది."

నేను వచ్చింది పది గంటలకి.
పదింటికి కూర్చునున్నవాళ్లనే
సంత అనుకున్నాను.

పదో వరస గీశాను.
పేరు: సొంబారి చెల్లెలు. సరుకు: చింతపండు. కొలత: గంప.
చివరి గడి దగ్గర పెన్ను తనంతట తనే
సున్నా చుట్టబోయింది. ఆపాను.
సున్నా అంటే అడిగితే ఏమీ రాలేదన్నదని.
ఖాళీ అంటే నేను అడగలేదని.

ఆ ఖాళీ గడితోనే మేష్టారికి ఇచ్చేశాను.
ఆయన మార్కులేమీ వేయలేదు.
గడి పక్కన ఎర్రసిరాతో, చిన్న అక్షరాలతో,
"ఏ మలుపు?" అని రాశారు.