ఉండలు తాగిన రసం

సోంపేట ఆసుపత్రి. మూడో నెంబరు మంచం.
మంగలారం, గురువారం, శనివారం
మా డిల్లేసు రగతం
సన్నపాటి గొట్టంలోంచి బయటికెల్లి
కడుక్కుని తిరిగొస్తాది.
నాలుగ్గంటలు.
నాను బయట అరుగు మీద కూకుని
జీడి సీమకి నల్లబడిన ఏల్లు
సీరకొంగుకి రాసుకుంటాను.
పోదు.

ఏటి పెట్టాలో కాగితం మీద రాసిచ్చినాది డైటు మేడమ్.
మొదటి మాటే కొబ్బరినీల్లు వొద్దని.
ఊరంతా కొబ్బరిసెట్లే మాకు.
రేత్రి కాయ రాలిన సప్పుడుకి
డిల్లేసు అటు తిరిగి పడుకుంటాడు,
అప్పిచ్చినోడు గుమ్మంలో కొచ్చినట్టు.

ఉప్పు సిటికెడు.
నీల్లు రోజుకి మూడు గ్లాసులు, మాత్తర్లు మింగే గుక్కలతో కలిపి.
మాంసం మాత్రం పెట్టమన్నాది.
రెండేల్లు కోడి మానిపించినోల్లే
ఇప్పుడు కోడి పెట్టమంటన్నారు.
మిషను ఎక్కిన ప్రతిసారీ
ఒంట్లో సత్తువ కొంత పట్టుకుపోతాదంట,
ఆ గొయ్యి పూడ్సాలంట.

నల్లపెట్టని కోసినాను.
మా అత్త దమయంతి పొయ్యి కాడ కూకుని
మిరియాలు, జీలకర్ర, ఎల్లుల్లి దంచినాది.
బియ్యప్పిండి ఉడుకునీల్లతో తొక్కి
గోలీలంత ఉండలు సేసి
మరుగుతున్న రసంలోకి ఒక్కోటే జారవిడిసినాది.
"ముక్క పిప్పే బొట్టీ,
సత్తువంతా రసంలోనే.
ఆడిని కని లేవలేనప్పుడు
నన్ను నిలబెట్టినాది ఇదే."

డైటు మేడమ్ ఇంకోలా సెప్పినాది.
"రసమూ నీల్ల లెక్కేనమ్మా.
వొద్దన్నవన్నీ ఉడికి అందులోకే దిగుతాయి.
ముక్క తినిపించు, రసం పారబొయ్యి."
పారబొయ్యడమా?
మా అత్త ముందరా?

ఆ వారమే
మా నూతుల నీల్లు సీసాలకి పట్టుకెల్దానికి
దూరదేశం పిల్లొకతె వచ్చినాది. పేరు నోమి.
మూడోనాటికి జొరం తెచ్చుకున్నాది.
అత్త ఊరుకుంటాదేటి?
గిన్నె మీద మూతెట్టి, మూత మీద కొంగేసి తీసుకెల్లినాది.

ఉండ కొరికి ఆ పిల్ల
నవ్వినాదో ఏడిసినాదో తెలీనేదు.
కూడా వచ్చిన కుర్రోడు తెలుగులో సెప్పినాడు.
ఆల్లు యూదులంట.
శుక్కురారం సందేల దీపాలెట్టి
ఆల్ల అమ్మమ్మ ఇలాటిదే కాసేదంట,
కోడీ, కేరట్టూ, ఏదో సన్నాకూ.
ఉండలు మాత్రం
పులవని రొట్టె పొడిగొట్టిన పిండితో.
ఆ ముసలమ్మా ఇదే మాటంట:
సత్తువంతా రసంలోనే.

మీసం లేదు గాని
ఉంటే మా అత్త మెలేసేద్దును.
"ఇన్నావా? సముద్రం అవతల కూడా నా మాటే."

నోమి సదువుకున్న పిల్ల.
ఏల్ల మీద లెక్కేసి
బలమంతా ముక్కలోనే, రసంలో తక్కువే అన్నాది.
జొరంలో గొంతుకి ఏడి తగిలితే సుకం, అది మాత్రం నిజమన్నాది.
"మరి మీ అమ్మమ్మకి సెప్పినావా ఈ లెక్క?"
సెప్పలేదంట.
తాగేసేదంట.

మర్నాడు మిషను లేని రోజు.
ముక్కలు ఒకసారి ఉడకబెట్టి, ఆ నీల్లు వొంపేసి,
కొత్తనీల్లు పోసి మల్లీ కాసినాను.
ఉప్పెయ్యలేదు. రెండు సుక్కలు నిమ్మకాయ.
ఉండల్ని సందేల దాకా అందులోనే నాననిచ్చి
సిల్లుగరిటెతో తీసినాను.
కంచంలో నాలుగు ముక్కలు, ఆరు ఉండలు.
గ్లాసు నీల్లలో సగం తగ్గించినాను,
ఉండలు తాగినవీ నీల్లే గదా.

డిల్లేసు ఒక ఉండ బుగ్గన పెట్టుకున్నాడు.
నమలనేదు సానాసేపు.
"దీనికి దాహం తీరిపోనాదే" అన్నాడు.

గిన్నెలో రసం అలాగే ఉన్నాది.
మా అత్త దాన్ని పారబొయ్యనేదు.
కొడుక్కి ఈపు తిప్పి,
గోడ కాడ నిలబడి,
గిన్నెత్తి అంతా తాగినాది,
గుటక సప్పుడు రాకుండా.