అసలుతో సరిచూసినది

రాజోలు రిజిస్ట్రారాఫీసులో
ఇరవై ఆరేళ్ళు నేను రాసింది ఒకే వాక్యం.
నకలు చివర, కుడివైపు,
సంతకానికి కాస్త పైన:
"అసలుతో సరిచూసినది."

చదివేది ఆచారి గారు.
ఆయన వేలు అసలు మీద, నా వేలు నకలు మీద.
కామాల్ని కూడా పలికేవారు.
"తూర్పు, కామా, ఏటిగట్టు. దక్షిణం, కామా,
నేలపూడి వారి అరటితోట."
పొడుం పీల్చినప్పుడు మాత్రం ఒక గీత దాటేసేవారు.
నేను దగ్గేదాన్ని.
ఆయన వెనక్కి వచ్చేవారు.

అసల్లో తప్పుంటే నకల్లోనూ అదే తప్పుండాలి.
సరిచూడ్డం వేరమ్మా, సరిదిద్దడం వేరు,
అన్నారు నేను చేరిన రోజే.
ఎప్పుడో ఏ గుమాస్తా చెయ్యి జారిందో
వరిచేను కాస్తా వారిచేనయింది.
ఆ దీర్ఘాన్ని నలుగురు వారసులకి
నా చేత్తోనే భద్రంగా అందించాను.

ఒక శ్రావణంలో, వరద తీసిన వారానికి
గెడ్డం మరిడియ్య వచ్చాడు, పంటు దిగి, మోకాళ్ళ దాకా బురదతో.
లంకలో ఎకరం డెబ్భై సెంట్లు.
పరిహారానికి దస్తావేజు నకలు కావాలట.

ఆచారి గారు చదివారు. నేను చూశాను.
ఒక్క పొల్లు తేడా లేదు.
"తూర్పు, కామా, గోదావరి."
"ఆగండి" అన్నాడు కిటికీ అవతల్నించి.
"పడమరా గోదారేనండి ఇప్పుడు.
దక్షిణవూ అదే.
ఉత్తరం మొన్న మంగళారం దాకా మా బావ దోసపాదు.
మజ్జిలో ఏటుందో
మీరే సూసి రాయండి."

ఆచారి గారి వేలు కాయితం మీదే ఉండిపోయింది.
పొడుండబ్బా తెరవలేదు.
ఫ్యాను కింద అసలు అంచు లేస్తోంది, పడుతోంది.

నేను సంతకం పెట్టాను. పెట్టాలి.
కాయితానికీ కాయితానికీ సరిపోయింది.
మరిడియ్య దాన్ని నాలుగు మడతలు పెట్టి
చుట్టల సంచిలో దోపుకున్నాడు.
"సరేనండి" అన్నాడు,
సరిపెట్టుకునేవాళ్ళు అనేలాగే.

తర్వాత రబ్బరుముద్ర వచ్చింది, వెరిఫైడ్ అని.
ఆచారి గారు వెళ్ళిపోయారు.
నేనూ దిగిపోయాను.

ఇప్పుడు సఖినేటిపల్లి రేవులో పంటెక్కినప్పుడల్లా
ఇనప కమ్మీ మీద నా వేలు తనంతట తనే
ఎడమ నించి కుడికి జరుగుతుంది.
కింద గోదారి చదువుకుంటూ పోతుంది,
ఒక్క కామా లేకుండా.
ఏ గీత దాటేసిందో తెలీదు.
ఊరికే
దగ్గుతాను.