తీసేసిన ట్రామ్

వూచ్ నగరంలో నవంబరు. నాలుక్కే చీకటి.
పాత నూలు మిల్లు మూడో అంతస్తులో మా స్టూడియో.
స్టూడియో అంటే ముగ్గురం, ఒక హీటరు,
దాని పక్క కుర్చీ కోసం రోజూ ఓ చిన్న యుద్ధం.

వీటోల్డ్ ఒక అట్టపెట్టె తెచ్చి బల్లమీద పెట్టాడు.
"నా సమాధుల తోట" అన్నాడు, నవ్వలేదు.
అందులో మూడు హార్డ్ డిస్కులు,
గళ్ళ నోటుబుక్కులు పదకొండు,
ఏనాడూ దుకాణం మొహం చూడని ఆటలు నాలుగు.

నీ ఆట మొదలెట్టే ముందు
వీటిని ఆడు అన్నాడు.
చదువు అనలేదు, ఆడు అన్నాడు.

మొదటిదాంట్లో నలభై ఊళ్ళు.
ఏ ఊళ్ళోనూ నాకు పని లేదు.
రెండోదాంట్లో గెంతు ఎంత బాగుందంటే
గెంతుతూనే మధ్యాహ్నం గడిచిపోయింది,
గెంతి చేరడానికి చోటే కట్టలేదు పాపం.
మూడోది తెరుచుకోలేదు.
కోడ్ లోపల ఒక్క వాక్యం మాత్రం:
"ఈ వరస ముట్టుకోకు. ఎందుకో తెలీదు, పనిచేస్తోంది."
ముట్టుకున్నదెవరో వీటోల్డ్ చెప్పడు.
చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

నాలుగోదాని నోటుబుక్కులో, తొమ్మిదో పేజీ,
ఎర్ర సిరాతో:
"యాగ్నా, పన్నెండేళ్ళు. గంటన్నర ఆడింది.
కోట వైపు వెళ్ళనే లేదు. ట్రామ్ ఎక్కి కూర్చుంది.
వానలో ఊరంతా తిరిగింది, దిగలేదు.
లోపం: ట్రామ్ దారి మళ్ళిస్తోంది. తీసేయాలి."

తీసేశారు.
ఆ తర్వాతి పేజీలన్నీ కోట గురించే.
కోట గోడలు, కోట ద్వారం, కోట కోసం చేసిన అప్పు.

ఆ పేజీ మీద నా టీ ఒలికింది.
"ఆ పిల్ల ఇంకేమైనా అందా, వీటోల్డ్?"
చాలాసేపు కిటికీలోంచి చూశాడు.
కింద పట్టాలు తడిసి మెరుస్తున్నాయి.
"మళ్ళీ ఎప్పుడు రావచ్చని అడిగింది.
అది నేను రాసుకోలేదు, బొగ్నా."

ఇప్పుడు నా ఆటలో ఊరు ఒక్కటే. కోట లేదు.
ఒక ట్రామ్, దానికో కిటికీ, కిటికీకి వాన.
గెంతు రెండోదాన్నుంచి అడిగి తీసుకున్నాను,
గట్టు మీంచి ట్రామ్‌లోకి, ఒక్కటే గెంతు.

నిన్న ఆడి చూడ్డానికి వచ్చిన ముసలాయన
ట్రామ్ ఎక్కనే లేదు.
స్టాపు బెంచీ మీద గంటసేపు కూర్చుని
లేచి కోటు తొడుక్కున్నాడు.

పెన్ను తీశాను. "లోపం" అని రాయబోయి
ఆగి,
ఆయన వెనకే మెట్లు దిగి పరిగెత్తాను
అడగడానికి.